పుత్లీబౌలీలో ఒక రాత్రి

చిక్కడపల్లిలో మెట్రో రైలెక్కితే సుల్తాన్ బజారు రెండవ స్టేషను. మధ్యన నారాయణగూడ ఒక్కటే. కూర్చోవడానికి చోటు వెతుక్కొనేలోపల దిగవలసిన చోటు వచ్చేస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఈ పాటి ప్రయాణానికి సిటీబస్సులో ఎంత సేపు పట్టేదో ఆ దారిని తిరిగినవారికి చెప్పనక్కరలేదు. కాచిగూడ చౌరస్తాలో బస్సు ఆగిపోతే, దిగి నడిచిపోదామా అని ప్రాణం కొట్టుకొనేది.

ఆ వేళ ముగ్గురం బయలుదేరాము. నేనూ, మా ఆవిడా, మా మేనకోడలూ. పిల్లది ఖమ్మం. కోఠీ మహిళా కళాశాలలో సీటు వచ్చింది. కళాశాల అంటే ఇప్పుడు ఊరుకోరు సుమండీ, అది 2022లో విశ్వవిద్యాలయమైంది. పేరు ఏదైతేనేం, హాస్టలులోకి దుప్పటి కావాలి, బకెట్టు కావాలి, తాళం వేసుకొనే పెట్టె కావాలి. ఇవన్నీ సుల్తాన్ బజారులో కొంటేనే కొన్నట్టని మా ఆవిడ సిద్ధాంతం. బేరమాడడానికి వీలులేని దుకాణంలో ఆవిడకు ఊపిరాడదు.

రైలు తలుపులు తెరుచుకోగానే ఒక కుర్రవాడు అందరినీ మోచేతులతో తోసుకొని ముందుకు దూకాడు.

"పెద్ద తురుంఖాన్ అనుకొంటున్నాడు!" అంది మా పిల్ల, చున్నీ సర్దుకొంటూ.

"తురుంఖాన్ ఎవరో తెలుసునా?" అన్నాను.

"ఎవరైతే ఏం మామయ్యా? సామెత కదా అది."

"సామెత కాదే, మనిషి. నువ్వు చదవబోయే కాలేజీ గోడ పడగొట్టినవాడు."

పిల్ల నా వంక అనుమానంగా చూచింది. మా ఆవిడ మాత్రం, "మొదలుపెట్టారూ?" అన్నట్టు చూచి, దుప్పట్ల దుకాణాల వైపు గబగబా నడిచింది. ఆవిడకు నా ధోరణి పాతికేళ్ళుగా అలవాటే.

ఆయన అసలు పేరు తుర్రేబాజ్ ఖాన్. తుర్రా అంటే తలపాగా మీది కుచ్చు. ఆ పేరే జనం నోట నలిగి నలిగి తురుంఖాన్ అయిందని హైదరాబాదువాళ్ళు చెప్పుకొంటారు. బేగంబజారు నివాసి. జాతికి రోహిల్లా, అంటే అఫ్గన్ దేశంనుంచి వచ్చి ఈ దేశంలో కత్తిని నమ్ముకొని బతికిన వారి సంతతి. ఆ రోజులలో రోహిల్లా అంటే జనానికి కొంత బెదురు కూడాను. కొలువు దొరికితే సిపాయి, దొరకకపోతే వడ్డీ వసూలుకు వాకిట్లో వచ్చి కూర్చొనే మనిషి. అటువంటి వాళ్ళను వెంటబెట్టుకొని ఈయన ఒకనాటి సాయంత్రం రెసిడెన్సీ మీదికి నడిచాడు. అది 1857 జూలై 17వ తేదీ, శుక్రవారం.

ఆ యేడు మే 10న మీరటులో సిపాయిలు తిరగబడ్డారు. ఆరు రోజులకు హైదరాబాదులో నిజాము నాసిరుద్దౌలా చనిపోయాడు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెకెక్కాడు. దివాను సాలార్‌జంగుకు ఇరవై ఎనిమిదేళ్ళు. కంపెనీవారి రెసిడెంటు కల్నల్ డేవిడ్సన్. ఈ ముగ్గురి చేతుల్లో దక్షిణాది ఉన్నదంటే అతిశయోక్తి కాదు. నిజాము అటు మొగ్గితే మద్రాసు, బొంబాయి రెండూ కదిలిపోతాయని దొరలకు నిద్రపట్టడం లేదు.

ఇంతలో బీరారులోని బుల్దానానుంచి చీదాఖాన్ అనే జమాదారు కొద్దిమంది సిపాయిలతో పారిపోయి హైదరాబాదు వచ్చాడు. వాళ్ళది హైదరాబాదు కంటింజెంటు. జీతాలు నిజాము సొమ్ము, హుకుములు ఇంగ్లీషువారివి. ఢిల్లీ వెళ్ళి తోటి సిపాయిల మీద తుపాకి పేల్చమంటే, పేల్చమన్నారు. నిజాము నీడనిస్తాడని నమ్మి వచ్చారు. దివాను వాళ్ళను పట్టి రెసిడెంటుకు అప్పగించాడు. రెసిడెన్సీలో బంధించారు.

ఊరు భగ్గుమన్నది దీనికే. రాజ్యాలు మారాలనీ, ఢిల్లీలో పాదుషా నిలవాలనీ అనుకొన్నవారు ఉంటే ఉండవచ్చు. కానీ పుత్లీబౌలీ మీదికి జనాన్ని నడిపించింది మాత్రం శరణు వేడి వచ్చినవాణ్ణి పట్టి ఇచ్చారన్న రోషం. మక్కా మసీదులో శుక్రవారపు నమాజుకు కూడిన జనం ఆ ఖైదీలను విడిపించవలసిందే అన్నారు. సాయంత్రానికి మౌల్వీ అల్లాఉద్దీనూ తుర్రేబాజ్ ఖానూ ముందు నడిచారు. వెనుక రోహిల్లాలు మూడు వందలని కొందరు, అయిదు వందలని కొందరు రాశారు. దారిపొడుగునా చేరిన జనం ఈ లెక్కలో లేరు.

"ఇక్కడికేనా?" అంది పిల్ల. అప్పటికి మేము పుత్లీబౌలీ వైపు వచ్చాము. పుత్లీ అంటే బొమ్మ, బౌలీ అంటే దిగుడుబావి. ఆటోలు, చెరుకురసం బండి, తలమీద మెట్రో వంతెన నీడ. యుద్ధం జరిగిన చోటని ఎవరు నమ్ముతారు?

ఇక్కడికే. రెసిడెన్సీ తోట గోడకు ఎదురుగా అప్పుడు రెండు మేడలుండేవి. ఒకటి అబ్బన్ సాహెబుది, రెండవది జయగోపాల్‌దాసు అనే షావుకారుది. మేడమీదినుంచి చూస్తే రెసిడెన్సీ ఆవరణ కనబడుతుంది. రోహిల్లాలు ముందుగా ఆ రెండు మేడలూ వశం చేసుకొన్నారు. యుద్ధం తెలియని మూక చేసే పని కాదది. పైనుంచి కొందరు తుపాకులు పేలుస్తూంటే, కింద కొందరు తోట గోడ పడగొట్టారు. ద్వారం ఒకటి బద్దలుకొట్టారు. అప్పటికి ఇంకా పొద్దు గుంకలేదు.

అయితే లోపలివాళ్ళు నిద్రపోవడం లేదు. అలజడి సంగతి సాలార్‌జంగు ముందే కబురు చేశాడు. డేవిడ్సన్ మద్రాసు గుర్రపు ఫిరంగి దళాన్ని సిద్ధంగా నిలబెట్టాడు. గోడ కూలిన చోటునుంచి లోపలికి దూకబోయినవారికి ఎదురుగా ఫిరంగి నోరు. చేతిలో ఉన్నవి నాటు తుపాకులు, కత్తులు. కొండను పొట్టేలు ఢీకొన్నట్టయింది.

ఫిరంగిదెబ్బకు వెనక్కు తగ్గారేగాని పారిపోలేదు, అదీ చిత్రం. మళ్ళీ ఆ రెండు మేడలలోకే చేరి రాత్రంతా కాల్పులు సాగించారు. చీకటి, ఇరుకు వీధి, నగరం నుంచి సాయం వస్తుందేమోనన్న ఆశ. సాయం రాలేదు. దివాను అరబ్బు సిపాయిలను కాపలా పెట్టి జనాన్ని కదలనివ్వలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మేడల వెనుక గోడకు కన్నంచేసుకొని జారిపోయారు. పొద్దు పొడిచేసరికి పుత్లీబౌలీ నిశ్శబ్దం.

మరి ఆరేళ్ళకు, అదే జూలై నెలలో, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర ఇటువంటి దాడే ఒకటి జరిగింది. 1863 జూలై 3న దక్షిణాది సేనలు సుమారు పన్నెండువేల అయిదువందల మంది, బయలు మైదానంలో ముప్పావు మైలు నడిచి, ఫిరంగులకు ఎదురేగారు. గంటలోపల సగం పైగా నష్టపోయారు. పికెట్ అనే సేనాని పేరుమీద దాన్ని ఇప్పటికీ చెప్పుకొంటారు. వాళ్ళు పోరాడిన పక్షం బానిసత్వాన్ని నిలబెట్టే పక్షం. అయినా ఆ పొలాన్ని పొలంగానే కాపాడి, దళానికొక రాయి నాటించి, పిల్లలను తీసుకువెళ్ళి చూపిస్తున్నారు. మనకు దాడి జరిగిన వీధిలో చెరుకురసం దొరుకుతుంది. పోల్చి ఏం లాభం? వాళ్ళది మైదానం, మనది బజారు. బజారు ఆగితే బతుకు ఆగుతుంది.

"తర్వాత ఏమయ్యాడు మామయ్యా?"

దొరికిపోయాడు. విచారణలో మౌల్వీ జాడ చెప్పమంటే చెప్పలేదు. యావజ్జీవ ద్వీపాంతరం విధించారు, ఆస్తి జప్తు చేశారు. కానీ మనిషిని అండమానుకు పంపేలోపల, 1859 జనవరి 18న జైలునుంచి తప్పించుకొన్నాడు. పట్టి ఇచ్చినవారికి అయిదువేల రూపాయల బహుమానమన్నారు. ఆ కాలపు అయిదువేలు! ఆరు రోజులు తిరిగేసరికి, జనవరి 24న, తూప్రాన్ దగ్గర తాలూక్‌దారు మీర్జా కుర్బాన్ అలీ బేగ్ చేతిలో ప్రాణం పోయింది. శవాన్ని హైదరాబాదు తెచ్చి, రెసిడెన్సీ దగ్గరే గొలుసులతో వేలాడదీశారు, నలుగురూ చూచి బుద్ధి తెచ్చుకోవాలని. తాను కూల్చిన గోడ దగ్గరికే ఆ విధంగా తిరిగి వచ్చాడు.

మౌల్వీ అల్లాఉద్దీన్ కూడా చివరకు చిక్కాడు. అదే యేడు జూన్ 28న అండమానుకు పంపారు. తిరిగి రాలేదు. ఇంగ్లీషువారికి చేసిన సాయానికి 1860లో నిజాముకు ప్రతిఫలం దక్కింది. యాభై లక్షల బాకీ రద్దు, రాయచూరు దోఆబు, నల్దుర్గం వాపసు. దివాను రాజ్యాన్ని కాపాడాడని ఒక చరిత్ర, జనాన్ని అమ్ముకొన్నాడని ఒక చరిత్ర. నాకు రెండూ పూర్తిగా మింగుడుపడవు. ఢిల్లీకి, లక్నోకు పట్టిన గతి ఈ ఊరికి పట్టలేదన్న మాట నిజం. చీదాఖాను నమ్మి వచ్చాడన్న మాటా నిజమే.

మా ఆవిడ దుప్పట్లు కొనేసి, ఎంత తగ్గించిందో చెబుతూ వచ్చి కలిసింది. కాలేజీ వైపు నడిచాము.

రెసిడెన్సీ భవనాన్ని చూడనివారు ఒకసారి తప్పక చూడాలి. కర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803లో మొదలుపెట్టించాడు. ముందు ఆరు మహాస్తంభాలు, మెట్లకు చెరొకవైపు సింహం. ఆయన ఖైరున్నీసా బేగం అనే నగరపు పిల్లను పెళ్ళాడిన కథ అందరికీ తెలుసు, చూడవచ్చేవారందరూ ఆ కథే అడుగుతారు. 1857 రాత్రి గురించి అడిగేవారు తక్కువ. ఆ రాత్రి తర్వాతే ఈ ఆవరణకు బురుజులు కట్టించి గట్టి చేశారు. విడిదిల్లులాంటి భవనానికి కోట లక్షణం వచ్చింది. దొరలకు బెంగ పట్టుకొన్నదన్నమాట.

కోట పక్కన రెసిడెన్సీ బజార్లు పెరిగాయి. అక్కడ నిజాము హుకుం చెల్లదు. ఆ వీలు మన తెలుగువాళ్ళకూ ఒకందుకు కలిసివచ్చింది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు పూనుకొని పెట్టిన ఆ గ్రంథాలయం సుల్తాన్ బజారులో ఇప్పటికీ ఉంది. తుర్రేబాజ్ ఖాను ఏ గోడ పడగొట్టాలనుకొన్నాడో, నలభైనాలుగేళ్ళ తర్వాత ఆ గోడ నీడనే మన పుస్తకాలు ఊపిరి పీల్చుకొన్నాయి. చరిత్రకు వరస అంటూ ఉన్నట్టు తోచదు. 1933లో ఆ బజార్లు నిజాముకు తిరిగివచ్చిన మీదట సుల్తాన్ బజారు అన్న పేరు పడింది. 1949లో రెసిడెన్సీలోకి మహిళా కళాశాల వచ్చింది. 2024లో విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తన పొలంలో పండిన పంటకోసం దొరకు ఎదురుతిరిగిన మనిషి పేరు దొరల మేడకు! తుర్రేబాజ్ ఖాన్ వింటే గట్టిగా నవ్వేవాడు కాబోలు.

కోఠీ బస్సు స్టాపు దగ్గర ఆయన స్మారక చిహ్నం ఉంది. వెతుక్కొంటేగాని కనబడదు. ఆ రోజు ఒకాయన దానికి ఆనుకొని సంచీ కింద పెట్టి, దిల్‌సుఖ్‌నగర్ బస్సు కోసం మెడ చాచి చూస్తున్నాడు.

మా పిల్ల దగ్గరగా వెళ్ళి నిలుచుంది. ఆయన మర్యాదగా పక్కకు జరిగి, "ఏ బస్సమ్మా?" అన్నాడు.

"బస్సు కాదండీ. ఈయన్ను చూద్దామని" అంది పిల్ల.

ఆయన రాతివంక ఒకసారి, మా వంక ఒకసారి చూచాడు. "రోజూ ఇక్కడే నిలబడతా, ఎవరిదో ఎన్నడూ చూడలే" అన్నాడు. ఇంతలో బస్సు వచ్చింది. సంచీ అందుకొని పరుగెత్తాడు.

"తురుంఖాన్!" అని పిల్ల వెనుకనుంచి కేకవేసింది.

మెట్టుమీద కాలు పెట్టినవాడు వెనక్కు తిరిగి చూచాడు. వెక్కిరించిందనుకొన్నాడేమో, మొహం ఒక్క క్షణం చిట్లించాడు. పిల్ల వేలితో రాతిని చూపించింది. అర్థమైందో లేదో, కండక్టరు అరుస్తూంటే లోపలికి వెళ్ళిపోయాడు.

"బకెట్టు మిగిలిపోయింది" అంది మా ఆవిడ. మళ్ళీ బజారులోకి తిరిగాము.