పేరడగని తోడు

జోగిపేటలో మా అమ్మమ్మ ఇంటి అరుగు బాటకు ఆనుకొని యుండెడిది. సంగారెడ్డి నుండి నాందేడు దిక్కునకు పోవు ఆ బాటపై అంగడినాడు పల్లెలనుండి కాలినడకన వచ్చువారును, బస్సు తప్పిపోయి మరియొక బస్సునకై ఎదురుచూచువారును, ఎండకు సొమ్మసిల్లి నీడ వెదకుకొనువారును ఆ అరుగుపై ఒక గడియ కూర్చుండి గాని ముందునకు సాగెడివారు కారు. వారికి నీళ్లిచ్చుట నా పని. కడవలోని నీరు ఇత్తడి చెంబుతో ముంచి నేను గడప దాటులోపలనే అమ్మమ్మ రెండు ప్రశ్నలు ముగించెడిది: "ఏ ఊరు బిడ్డా మీది? ఎవలోళ్లు?" మొదటి ప్రశ్నలో ఉత్త ఆదరమే యుండెడిది. రెండవదానికి వచ్చిన ప్రత్యుత్తరమును బట్టి నేను చెంబును చేతికందిచ్చుటయో, ఎత్తిపట్టి దోసిట నీరు వంచుటయో తేలుచుండెను. అమ్మమ్మ నోటితో ఏమియు చెప్పెడిది కాదు, కనుసైగ చాలును.

ఒకనాటి మిట్టమధ్యాహ్నము ఒక ముదుసలి, ఎవరును ఏమియు అడుగకమునుపే, అరుగెక్కక, మా గడప ముందరి నేలపై గొంతుక్కూర్చుండి దోసిలి పట్టెను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అతని వ్రేళ్ల సందులనుండి జారి మట్టిలో ఇంకిపోయిన ఆ నీటిని నేటికిని మరువజాలకున్నాను. అమ్మమ్మ కఠినురాలు కాదు. ఆకలిగొని వచ్చినవానికి గటకయో జొన్నరొట్టెయో పెట్టక పంపిన దినము నేనెరుగను. అంత మంచి మనిషి చేతి నీరు అంత ఎత్తునుండి పడవలసి వచ్చుటయే నన్ను ఎక్కువగా బాధించు సంగతి.

ఈ జ్ఞాపకము నలుబది యేండ్లు దాటిన పిదప, నాలుగు సముద్రముల కావల, ఒక ఆట మూలముగా నాలో మరల మేల్కొనినదనిన చదువరులకు వింతగా తోచవచ్చును. మా వారి ఉద్యోగరీత్యా మేము 2009లో స్వీడన్ దేశమందలి గోథెన్‌బర్గ్ నగరమునకు వచ్చితిమి. అంతకుముందు పదునాలుగేండ్లు పటాన్‌చెరువులో కాపురముంటిమి. రేయింబవళ్లు మూడు షిఫ్టుల సైరనులు మ్రోగు ఆ చోటు విడిచి వచ్చిన నాకు ఈ నగరపు నిశ్శబ్దము మొదట వరముగను, పిమ్మట భారముగను తోచెను. డిసెంబరు మాసమున ఇచ్చట మధ్యాహ్నము మూడున్నరకే సూర్యుడు క్రుంకును. ఎదురింటివారు మర్యాదస్థులు, మెట్లపై ఎదురుపడినచో చిరునవ్వి తప్పుకొందురు. "ఏ ఊరు" అని గాని, "ఎవలోళ్లు" అని గాని అడిగినవారు లేరు. రెండవ ప్రశ్న లేనందుకు నాకెంత హాయిగా నుండెనో, మొదటి ప్రశ్న లేనందుకు అంత దిగులుగా నుండెను.

మా కుమారుడు చదువునకై మరియొక పట్టణమునకు పోవుచు తన ప్లేస్టేషనును ఇంట విడిచిపోయెను. ఆటలలో అపరిచితులతో మాటలాడుటయనిన నాకు అంతవరకు భయమే. వాడాడు యుద్ధక్రీడలలో హెడ్‌ఫోనునుండి వెలువడు దూషణలను, అందునను స్త్రీ కంఠము వినబడినంతనే రెట్టింపగు దూషణలను, నేను విని యుంటిని. అది గ్రహించియే కాబోలు వాడు నాకొరకు "జర్నీ" అను ఆటను ఎంచి పెట్టి, "ఇందుల ఎవ్వరు మాట్లాడరమ్మా, భయపడకు" అని చెప్పి పోయెను. 2012లో వచ్చిన ఆ ఆటను లాస్ ఏంజలెస్ నగరమందలి యొక చిన్న సంస్థ రూపొందించినది. దానికి నాయకత్వము వహించిన జెనోవా చెన్ షాంఘైలో పుట్టినవాడు, అనగా అతడును పరదేశమున బ్రతుకు మనిషియే.

ఆటలో కథ యనదగినది స్వల్పము. ఎర్రని వస్త్రము కప్పుకొని, మెడను పొట్టి కండువాతో, ఎడారిలో ఒంటరిగా నడుచుచుండగా దూరమున శిఖరమున వెలుగొందు పర్వతము కనబడును; దానిని చేరుకొనవలెను. నడుమ ఎచ్చటనో, ముందుగా ఏ సూచనయు లేక, ఇసుక తిన్నె మీద మరియొక ఎర్రని ఆకృతి ప్రత్యక్షమగును. అది యంత్రము నడుపు బొమ్మ కాదు. ఆ క్షణమున లోకమున ఎచ్చటనో ఆ ఆటనే ఆడుచున్న సజీవ మానవుడు. అతని పేరు కనబడదు. దేశము తెలియదు. మాటలాడుటకు గాని వ్రాయుటకు గాని వీలు లేదు. ఒక మీట నొక్కినచో పక్షికూత వంటి చిన్న నాదము వెలువడును. ఎక్కువసేపు నొక్కినచో అది పెద్ద పిలుపగును. ఇద్దరి నడుమ గల భాష అంతమాత్రమే.

నన్ను నిలువునా కదల్చినది అది కాదు. ఆ కండువాపై వెలుగు అక్షరముల వంటి గుర్తులుండును. వానిలో వెలుగున్నంతసేపే యాత్రికుడు గాలిలోనికి ఎగురగలడు. వెలుగు తరిగినవేళ తోడి యాత్రికుడు దాపునకు వచ్చి తాకినచో ఇద్దరి కండువాలును ఒక్కసారిగా నిండును. ఒకరి శక్తి తరిగి మరియొకరికి చేరుట కాదు. తాకుటచే ఇద్దరికిని కలుగును. ఇది తొలిసారి జరిగినప్పుడు నా చేతిలోని మీటలు వదలి, చాలసేపు ఊరక కూర్చుంటిని. పేరడుగక, ఊరడుగక, తాకినంతనే బలమిచ్చు లోకమును ఎవరో ఊహించి, శ్రమించి, నిర్మించినారు! దోసిలి పట్టిన ఆ ముదుసలి అప్పుడు నాకు కనుల ముందర నిలిచెను.

ఈ మర్యాద దానంతట అది కుదిరినది కాదట. మొదట ఆటలో యాత్రికులు ఒకరినొకరు నెట్టుకొనుటకు వీలుండెను. మనుజులు శిశువులవలె, ఏ పనికి ఎక్కువ చలనము కలుగునో ఆ పనియే చేయుదురు గనుక, తోడివానిని ఆపదలోనికి నెట్టి వినోదింపజొచ్చిరట. నిర్మాతలు వారికి నీతులు బోధింపలేదు. నెట్టుకొను వీలును తొలగించి, దగ్గరకు వచ్చుటయందు వెలుగు నుంచిరి. అంతటితో అదే మనుజులు ఒకరికొకరు దారి చూపజొచ్చిరి. మంచితనము మనస్సులోనిదే యని నేనును నమ్ముదును గాని, అరుగు ఎత్తు ఎంత యుండవలెనో, చెంబు ఎవరి చేతికీయవలెనో నిర్ణయించిన కట్టడికి అందులో పాలు లేదని ఇక నమ్మలేను.

ఆ శీతకాలమున ఒక రాత్రి నాకు దొరికిన తోడును గూర్చి చెప్పవలెను. ఆ మనిషి ఆటలో ఆరితేరినవాడు. కండువా పొడుగే అది తెలిపినది. నేను ప్రతి తిన్నె వద్దను జారిపడుచుంటిని. అతడు, లేక ఆమె, ముందునకు పోయి, వెనుదిరిగి, ఆ చిన్న కూతతో పిలిచి, నేను వచ్చువరకు నిలిచెను. చివరనున్న మంచుకొండపై పెనుగాలి వీచును, కండువాలు గడ్డకట్టి కురచలగును, అడుగులు బరువెక్కును. మేమిరువురము ఒకరినొకరు ఆనుకొని, బండరాళ్ల చాటున ఆగుచు, గాలి తగ్గినప్పుడు నడచుచు పోయితిమి. తుదకు మంచులో ఇద్దరమును కూలితిమి. కూలువేళ మా కూతలు ఎంత క్షీణించెననగా, వినబడీ వినబడనట్లుండెను. పిదప ఆట యాత్రికుని లేపి ఆకాశమునకు ఎత్తును. శిఖరపు వెలుగులోనికి ఇద్దరమును కలిసి నడచితిమి. అంతయు ముగిసిన తరువాత తెరపై, దారిలో తోడైనవారి పేర్లు చూపబడును. నాకు కనబడినది కొన్ని అక్షరములును అంకెలును కలిసిన మారుపేరు. దానినిబట్టి అతడు ఏ జాతివాడో, ఏ వయస్సువాడో ఊహింప శక్యము కాలేదు. ఒక కాగితముపై వ్రాసికొంటిని. ఆ కాగితము నేటికిని నా దేవుని గూటిలో నున్నది.

అపరిచితులు ఇట్లు ఒక కల్పితలోకమున కలిసికొనుట నేటి ముచ్చట కాదు. 1978లోనే ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను ఇద్దరు విద్యార్థులు, బొమ్మ లొక్కటియు లేక కేవలము అక్షరములతో నడచు అట్టి లోకమును కట్టిరి.

2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు నేను ఫోనులో లూడో ఆడుట మొదలిడితిని. మన పచ్చీసు నుండి పుట్టి 19వ శతాబ్దాంతమున ఇంగ్లండులో పేరు మార్చుకొని వచ్చిన ఆట గనుక, అరుగుపై సుద్దతో గడులు గీసి, గవ్వలు విసరి అష్టాచెమ్మా ఆడిన నాకు అది పరాయిదిగా తోచలేదు. ఒకనాడు నలుగురు అపరిచితులము ఆడుచుండగా, నా కాయ ఇల్లు చేరినంతనే నాకు తెలియకయే "పండింది!" అని అరచితిని. అవతలనుండి ఒక స్త్రీకంఠము, "అక్కా, మీరు తెలుగా?" అనెను. ఆ ఆనందము వర్ణింపనలవి కానిది. ఆమె అమెరికాలో నుండెను. జోగిపేట పేరు చెప్పగా, "మా తాతయ్య ఆ ఊరి పేరు చెప్పేవారక్కా, మొదటి సభ అక్కడే కదా" అనెను.

ఔను, అక్కడనే. 1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ ఆవరణమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినప్పుడు సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. తొమ్మిదేండ్లకు, 1930లో, ప్రథమాంధ్ర మహాసభ మా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది; నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు వెంట జరిగినది. తెలుగు మాట వినబడుటయే చాలునని, ముక్కుమొగ మెరుగనివారు ఎక్కడెక్కడినుండియో మా చిన్న ఊరికి వచ్చిరి. ఆ యుల్లాసమెట్టిదో నేను ఆ రాత్రి "అక్కా" అను పిలుపులో కొంత యెరిగితిననుకొందును.

మేము నెలదినములు ఆడితిమి. పిమ్మట ఒకనాడు, ఎంతో చనువుగా, పాచిక వేయుచునే, ఆమె అడిగెను: "ఇంతకీ మీరేమిట్లు అక్కా?" నేను ఊరిపేరు మరల చెప్పితిని. ఆమె నవ్వి, "అది కాదక్కా" అనెను. అమ్మమ్మ గొంతు అచ్చముగా వినబడెను. ఆమెయు అమ్మమ్మవలెనే మంచిది. నాకు జ్వరము వచ్చినప్పుడు దినమునకు రెండుమారులు పలుకరించినది. నేను సమాధానమీయక ఆట ముగించితిని. ఆ తరువాత క్రమముగా రాకపోకలు తగ్గించుకొంటిని. అట్లు చేసియుండరాదు. చెంబును గూర్చియు, ఆ దోసిలిని గూర్చియు ఆమెకు చెప్పియుండవలసినది.

అయినను పేరడుగకపోవుటలో మరియొక వెలితి గలదని మా పొరుగుదేశమున జరిగిన వృత్తాంతము నాకు నేర్పినది. నార్వేలో మాట్స్ స్టీన్ అను యువకుడు కండరములు క్షీణించు పుట్టువ్యాధితో చక్రముల కుర్చీకి పరిమితుడై యుండెను. "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" ఆటలో ఎల్లవేళల మునిగియుండుటచే కొడుకు ఒంటరివాడై, స్నేహమెరుగక పోవుచున్నాడని తలిదండ్రులు కుమిలిరి. 2014లో, ఇరువదియైదేండ్లకే అతడు మరణించెను. అతడు అంతర్జాలమున వ్రాయుచుండిన దినచర్యల పుటలో తండ్రి ఆ వార్త ప్రకటింపగా, తామెన్నడును వినని మనుష్యులనుండి లేఖలు వెల్లువెత్తినవి. ఇబెలిన్ అను పేరితో అతడు ఆటలో ఎందరి దుఃఖములు వినెనో, ఎందరికి ధైర్యము చెప్పెనో అప్పుడు గాని ఆ దంపతులకు తెలియలేదు. ఆ మిత్రులలో కొందరు దేశాంతరములనుండి ఓస్లో వచ్చి అతని అంత్యక్రియలలో నిలిచిరి. అతని జీవితముపై తీసిన చిత్రము 2024లో వెలువడినది. చూచి వచ్చిన రాత్రి నా దేవుని గూటిలోని కాగితమును తీసి చూచితిని. ఆ మంచుకొండపై నాకై నిలిచిన మనిషి నేడు బ్రతికియున్నాడో లేదో నాకు తెలియదు; తెలిసికొను దారియు లేదు.

క్రిందటి సంక్రాంతికి ఊరికి పోయితిని. నా బాల్యమున మెదకు జిల్లాలోనిదై, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరిన జోగిపేటలో అమ్మమ్మ ఇల్లు లేదు, అరుగును లేదు, బాట వెడల్పైనది. తిరుగుదారిలో పటాన్‌చెరువున, మేమొకప్పుడు కాపురమున్న వీధి చివర చాయ్ హోటల్ వద్ద దిగితిని. షిఫ్టు విడిచిన యువకులు, ఒడిశావారు, బిహారువారు, బల్లలపై వరుసగా కూర్చుండి ఫోనులలో ఆడుచుండిరి. 2020లో నిషేధింపబడి మరుసటి ఏట మారుపేరుతో తిరిగివచ్చిన ఆటను వారు నేటికిని పబ్జీ అనియే పిలుచుచున్నారు. అంచున కూర్చున్న ఒడియా బాలునికి కుడిచేతి బొటనవ్రేలిపై మానిన గాయపు గుర్తుండెను. అడుగగా, వచ్చీరాని తెలుగున చెప్పెను: మిషన్‌లో చేయి నలిగినప్పుడు పదిదినములు ఫోను పట్టలేకపోయెనట, పదకొండవనాడు తెరచి చూడగా, ఆటలో పరిచయమైన యొక నేపాలీ పిల్లవాడు ప్రతిరాత్రియు "అన్నా, యాడున్నవ్?" అను అర్థముగల సందేశము పెట్టియుండెనట. "ఇంటోళ్లకు చెప్పలె, భయపడ్తరని. ఆనికి చెప్పిన" అనెను.

నాకు దాహమగుచుండెను. అతడు తాను సగము త్రాగిన నీళ్ల సీసాను నాకందిచ్చి, బల్లపై జరిగి చోటిచ్చెను. నాదే ఊరో, నేనెవ్వరినో అడుగలేదు. నేను సీసాకు పెదవులానించి త్రాగి, మిగిలినది తిరిగి ఇచ్చితిని. అతడు ఫోనులో లూడో తెరచి, "ఒక ఆట ఆడుతవా అమ్మా? నీకు ఎర్రది ఇస్త" అనెను. పాచిక మొదట నాకే ఇచ్చెను.