జంట గోపురాల క్రింద

కౌలాలంపూరులో మేము దిగిన యింటివారి పెద్దలు మూడు తరాల క్రితం శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్ళినవారు. మాది బరంపురం. యాస కలిసేసరికి చుట్టరికమూ కలిసింది. మర్నాడే పెట్రోనాస్ జంట గోపురాలు చూడబోయాము.

మా బావగారు మాత్రం షికారుకు రాలేదు. ఆయన తాపీమేస్త్రీగా మొదలై కంట్రాక్టరయినవారు. అక్కడివారొకరితో పొత్తు కలిసి ఒక కట్టడానికి నేలరాళ్ళు పరచే పని పట్టాలని అంచనా కాగితాలు సంచిలో వేసుకుని వచ్చారు. పని కుదిరితే బరంపురంలో యిల్లు తాకట్టుకు పోతుంది. పదేళ్ళనాడు ఒక వంతెన పనికి అందరికంటె తక్కువ రేటు వేసి, వానల్లో గడువు దాటి, ధరావతు పోగొట్టుకున్న మనిషి! అక్కయ్య కళ్ళన్నీ ఆ సంచిమీదే వున్నవి.

గోపురాలు 88 అంతస్తులు, 452 మీటర్లు. మేము తలలెత్తి చూస్తూంటే బావగారు, “క్రింద ఏముంది?” అని అడిగారు. యింటివారి అబ్బాయి ఇంజనీరు. ముందనుకున్న చోట సగం సున్నపురాయి, సగం మెత్తని నేల తేలిందనీ, అందువల్ల కట్టడాన్నే 60 మీటర్లు జరిపారనీ చెప్పాడు. పునాది స్తంభాలు కొన్ని 114 మీటర్ల లోతుకు దిగినవట.

ఒక గోపురాన్ని జపానుకు చెందిన హజామా ముందుండి నడిపిన కూటమికీ, రెండోదాన్ని కొరియావారి సామ్‌సంగ్, కుక్‌డాంగ్‌ల కూటమికీ యిచ్చారు. రెండింటిలోనూ మలేషియా కంపెనీలు భాగస్థులు. మామూలుగా టెండరుతో తీరిపోయే పోటీ యిక్కడ పని జరిగినన్నాళ్ళూ సాగింది. పక్కవాడు ఎంతవరకు లేపాడో తలెత్తితే కనిపిస్తుంది గదా! ఆలస్యంగా మొదలుపెట్టిన కొరియావారే ముందు కొసకు చేరారు. రెండింటినీ కలిపే వంతెన ముక్కలు కూడా కొరియాలోనే తయారై ఓడమీద వచ్చినవి.

ఇనుము దిగుమతి భారమని కాంక్రీటుతోనే కట్టారు. అయితే మొదట్లో ఒక విడత కాంక్రీటు పరీక్షలో తప్పింది. పని మొత్తం ఆగిపోయింది. కట్టిన అంతస్తులన్నీ పరీక్షించి, చెడిన ఒక్కదాన్నీ పడగొట్టారు. పని నిలిచిన ప్రతిరోజూ లక్షల డాలర్లు నష్టం. ఆ తరువాత పోసేముందు ప్రతి విడతనూ పరీక్షించారు. ఒకటి చెడితే ఇంకొకటి ఉండేటట్లు కాంక్రీటు కలిపే కేంద్రాలు మూడు పెట్టారు.

“మూడా!” అన్నారు బావగారు. ఆ తరువాత వంతెనమీదికి ఎక్కినా ఆయన మాట్లాడలేదు. మా పిల్లవాడు మాత్రం క్రింది కార్లు చీమల్లా వున్నవని గంతులు వేశాడు.

సాయంత్రం రోజూలాగే కుండపోత వాన. బావగారు కాగితాలు తీసి, సంవత్సరానికి ఎన్ని రోజులు వాన పడుతుందని ఆ అబ్బాయిని అడిగారు. రాళ్ళు విరిగితే ఎవరి నష్టమో, పొత్తుదారు వాటా ఎప్పుడు చెల్లిస్తాడో విడివిడిగా రాసుకున్నారు. మొత్తం పెరిగింది. “యింతకు వాళ్ళు ఒప్పుకోకపోతే?” అన్నది అక్కయ్య.

“ఒప్పుకోకపోతే యిల్లు ఉంటుంది” అని ఆయన పాత అంచనా చింపేశారు.