పన్ను కట్టనోళ్ళ వాడ

సర్కారు కాగితాల్లో మాది బలహీన వర్గాల కాలనీ. ఊరోళ్ళ నోట్లో మాత్రం పన్ను కట్టనోళ్ళ వాడ. వెనకట మాదిగ వాడ అనేటోళ్ళు. కులం పేరెత్తకుండా కులాన్ని తిట్టడానికి ఇంకో మాట దొరికింది.

మావి రెండర్రల ఇళ్ళు. విలువ తక్కువని మున్సిపాలిటీ పన్ను వెయ్యలేదు. అది మేము అడుక్కున్న భిక్ష కాదు, చట్టం ఇచ్చిన మాఫీ. కానీ మోరీ తియ్యమన్నా, నల్లా రాలేదన్నా ఆ మాఫీనే మా మొఖాన కొట్టేవాళ్ళు. మా అమ్మ అదే మున్సిపాలిటీలో ఊడ్చే పని చేసేది. ఒకనాడు తెల్లారక ముందే పెద్ద బజారు ఊడ్చి, పొద్దెక్కినంక మా గల్లీ లైటు కోసం దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు పోయింది. వెంట నేనూ ఉన్న. గుమాస్తా తలెత్తకుండనే అన్నడు:

"పన్ను కట్టరు. లైటెక్కడికెళ్ళి తేవాలె?"

"నేనూడ్సే బజార్ల పన్ను గట్టెటోళ్ళ సెత్తేదో, గట్టనోళ్ళ సెత్తేదో నాకెవ్వలు జెప్పలే సారూ. అన్నీ ఎత్తిన" అన్నది అమ్మ.

జవాబు రాలేదు. చదువుకున్నంక నేనే వెతికిన.

మున్సిపాలిటీ ఒక్క ఇంటి పన్నుతోనే బతకదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో 18 పనులు రాసింది. నీళ్ళు, పారిశుధ్యం, వీధి దీపాలు, మురికివాడల బాగు అందులో ఉన్నయి. పన్ను కట్టిన గల్లీకే అని లేదు. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం గ్రాంట్లు కూడా వస్తయి. 15వ ఆర్థిక సంఘం 2021–26కు పట్టణాల గ్రాంటును రాష్ట్రాలకు పంచడానికి జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం లెక్క గట్టింది. అంటే సొమ్ము తలల లెక్కన వచ్చింది. ఆ తలల్లో మా తలలున్నయి. సబ్బు బిళ్ళ కొన్నప్పుడు మేము కట్టిన పన్నూ ఆ సొమ్ములో ఉంది. తెచ్చుకునేటప్పుడు లెక్కకొచ్చిన మనుషులం, ఖర్చు పెట్టేటప్పుడు ఎట్ల మాయమైతం?

ఇంకో సంగతి. రాజ్యాంగం 285వ అధికరణం కింద కేంద్ర ప్రభుత్వ భవనాలకు సాధారణంగా ఆస్తి పన్ను లేదు. బదులుగా సర్వీసు చార్జీ ఉంది. 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందు ఖాయమైన పద్ధతిలో, వాడుకునే సేవలను బట్టి అది ఆస్తి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం. వాటిని ఎవ్వరూ పన్ను కట్టనోళ్ళ భవనాలు అనరు. అమెరికాలోనూ పేదలకు ఇళ్ళు కట్టే ప్రభుత్వ సంస్థలు పన్నుకు బదులుగా, కరెంటు, నీళ్ళ ఖర్చు పోగా మిగిలిన అద్దెలో 10 శాతం దాకా నగరానికి ఇస్తయి.

మాఫీ ఇచ్చింది సర్కారు. లోటు పూడ్చాల్సింది కూడా సర్కారే. 2016లో హైదరాబాదులో 1,200 రూపాయల దాకా ఉన్న ఇంటి పన్నును 101 రూపాయలకు తగ్గించిన్రు. పేదలకు మంచిదే. కానీ తగ్గిన రాబడిని ఎవరూ పూడ్చకపోతే ఆ మంచే పేదల గల్లీల్లో చీకటై పడ్తది. మనం కొట్లాడి 2013లో తెచ్చుకున్న ఉప ప్రణాళిక చట్టం లాంటివి కూడా అడగకపోతే కాగితాలే.

మిత్రులారా, మీ కాలనీ పేరు రాసి 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మా తలల లెక్కన ఎంత వచ్చింది? మాఫీకి బదులు సర్కారు ఎంత ఇచ్చింది? మా గల్లీల్లో ఎంత ఖర్చు పెట్టిన్రు? ఈ మూడు అంకెలు వాడ గోడ మీద పక్కపక్కన రాయండి. ఎవరు ఎవరికి బాకీ ఉన్నరో చదువురానోళ్ళకు కూడా తెలుస్తది.