శ్రీపెరంబుదూరులో రెండు దర్శనాలు

శ్రీపెరంబుదూరు అనగానే మీకేం గుర్తొస్తుంది? 1017లో అక్కడ పుట్టిన రామానుజాచార్యుల వారు, ఆదికేశవ పెరుమాళ్ కోవెల. నాకూ అంతే! మొన్న చెన్నైలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు దాని కూతురు, "పెద్దమ్మా, పొద్దున్నే గుడికి తీసుకెళ్తాను. తర్వాత మాత్రం నేను చెప్పిన చోటికి రావాలి" అంది. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న పిల్ల. సరేనన్నాను. ఆ చోటు కారు పందాల ట్రాకని దర్శనం అయ్యాక గానీ చెప్పలేదు.

మా చెల్లెలు దారంతా మాట్లాడలేదు. సంగతేమిటంటే, పిల్లకు రేసు కారు నడపాలని ఉందట. వచ్చే నెల చేతికందే రెండు లక్షల చిట్టీ మీద దాని కన్ను. ఆ చిట్టీ దాని పెళ్ళికని వాళ్ళమ్మ నాలుగేళ్ళుగా ఇంటి ఖర్చులో మిగిల్చి కట్టుకుంటూ వస్తోంది.

గుడి నుంచి హైవే మీద చెన్నై వైపు కాస్త వెనక్కి వస్తే ఇరుంగాట్టుకోట్టై. చుట్టూ ఫ్యాక్టరీలు, మధ్యలో 3.7 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగిన తారు రోడ్డు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళది. ఇక్కడ 1990 నుంచి పందాలు జరుగుతున్నాయి. అంతకుముందు షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగేవి.

ఆ కార్లు చూడాలి! పైకప్పు లేదు, తలుపులు లేవు. ఒక్కరికే చోటు, అదీ పడక్కుర్చీలో వాలినట్టు. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. "మడ్‌గార్డులు లేవేమే?" అన్నాను. "ఉండవు పెద్దమ్మా, అందుకే చక్రానికి చక్రం తగిలితే బండి గాల్లోకి లేస్తుంది" అని అది తాపీగా చెప్పింది. మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం మీలో కొందరు చూసే ఉంటారు. అది పెద్ద కంపెనీల వ్యవహారం. ఇక్కడ కొత్తవాళ్ళు నడిపే ఎల్‌జీబీ ఫార్ములా 4 కారులో ఉండేది మనం వీధిలో చూసే స్విఫ్టు తరహా 1300 సీసీ ఇంజనే. ఈ దారి వేసింది కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్. 1980ల చివర్లో ఆయన మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కార్లు తయారుచేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ కార్లతో మొదలుపెట్టిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. కోయంబత్తూరులో 2003లో మొదలైన ట్రాకుకు కరివర్ధన్ పేరే పెట్టారు.

మరి నియమాలేమిటి? మన వంటల పోటీనే అనుకోండి. అందరికీ ఒకే బియ్యం, ఒకే పప్పు, ఒకే పొయ్యి ఇచ్చి సాంబారన్నం వండమంటే ఎవరి చెయ్యి మంచిదో తేలిపోతుంది కదా. ఇక్కడా అంతే. కార్లన్నీ ఒకే రకం, టైర్లు ఒకే కంపెనీవి. ఇంజన్లకు సీలు ఉంటుంది, విప్పి మార్చడానికి లేదు. బండినీ మనిషినీ కలిపి తూస్తారు. తక్కువైతే సీసం ముక్కలు బిగించుకోవాలి. డబ్బున్నవాడు డబ్బుతో గెలవకుండా వేసిన కట్టుబాట్లివి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరు పందాలు లేవు. ఆడవాళ్ళ టీము కూడా ఈ కార్లతో పోటీకి దిగింది.

అలాగని చవకేం కాదు సుమండీ! మా చెల్లెలు ప్రసాదం కాగితం వెనక పద్దు రాయడం మొదలుపెట్టింది. జాతీయ సమాఖ్య ఇచ్చే లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, ముందు శిక్షణ, ప్రతి పందేనికీ కారు అద్దె, టైర్లు, మంట అంటని దుస్తులు, హెల్మెట్టు, మెడకు కాపు, కోయంబత్తూరు ప్రయాణాలు, లాడ్జి. చివరికి అక్కడున్న మెకానిక్కును తమిళంలో అడిగింది, "బండి దెబ్బతింటే ఎవరు కడతారు?" అని. ఆయన నవ్వి, "నడిపినవాళ్ళేనమ్మా. అద్దె ఎంతని అందరూ అడుగుతారు, ఈ మాట ఎవరూ అడగరు" అన్నాడు. మేనకోడలి మొహం చిన్నబోయింది. ఆ పద్దు దాని లెక్కలో లేదు మరి.

ఇంతలో పందెం మొదలైంది. ఆ చప్పుడుకి గుండె అదిరింది. రెండో చుట్టులోనే ఒక కారు గిర్రున తిరిగి మట్టిలోకి పోయింది. వెంటనే పసుపు జెండా ఊపారు. పసుపంటే మనకు శుభం, ఇక్కడ ప్రమాదం అని అర్థం. వెనక వస్తున్నవాళ్ళందరూ వేగం తగ్గించారు, ఒక్కరూ ముందుకు దాటలేదు. ఆ డ్రైవరు తనే దిగి నడిచి వచ్చాడు. "మన రోడ్ల మీద ఇంత బుద్ధిగా ఎవరు ఆగుతారక్కా?" అంది మా చెల్లెలు. పొద్దుటి నుంచీ అది నోరు విప్పి నాతో అన్న మొదటి మాట!

గెలిచినవాడు వెళ్ళిపోయాక, చివరగా ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. వాళ్ళ టీమువాళ్ళు చప్పట్లు కొట్టారు. బండిని గీత పడకుండా తెచ్చినందుకట. కొత్తవాళ్ళకు అదే పెద్ద గెలుపు.

ఇంటికొచ్చాక మా చెల్లెలు చెప్పేసింది. "శిక్షణకు మటుకు చిట్టీలోంచి ఇస్తాను. నేర్పేవాళ్ళు పనికొస్తావంటే అప్పుడు చూద్దాం. బండి దెబ్బతింటే కట్టే డబ్బు మాత్రం నువ్వు సంపాదించి బ్యాంకులో చూపించాలి. అది లేనిదే పందెం లేదు." పిల్ల ఏడుస్తుందనుకున్నాను. మర్నాడే పక్కింటి పిల్లలకు లెక్కల ట్యూషను మాట్లాడుకుని వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి సరదా ఉన్న పిల్లలుంటే వద్దని కసిరే ముందు ఒక్కసారి తీసుకెళ్ళి చూడండి. గొడుగు, మంచినీళ్ళు, చెవుల్లోకి దూది మరిచిపోకండి. మా చెల్లెలు అడిగిన ఆ ప్రశ్న కూడా!