సుక్కికి నచ్చిన ఇసుక

సింగరేణి బొగ్గుగనుల కాలనీల్లో ఇల్లు ఖాళీ కావడం వింతేం కాదు. రిటైరైతే క్వార్టర్ అప్పజెప్పాలి. బదిలీ అయితే మందమర్రికో శ్రీరాంపూర్‌కో సామాను కట్టాలి. పాత క్వార్టర్లు కూలుతుంటాయి. ఓపెన్‌కాస్టు గని దగ్గరికి జరిగితే ఊళ్లకు ఊళ్లే లేచిపోతాయి. సామాను లారీ కదిలితే కుక్క దాని వెనక ఉరుకుతుంది. పిల్లి ఉరకదు. అది మనిషికన్నా ఇంటిని ఎక్కువ నమ్ముకుంటుంది. తాను ఒళ్లు రాసిన గోడ, గోళ్లు గీరిన తలుపు, ఎండకు పడుకున్న రేకు, వీటి వాసన ఉన్నదే దానికి ఇల్లు. మనుషులు పోయినా ఆ వాసన అక్కడే ఉంటుంది గనుక పిల్లీ అక్కడే ఉంటుంది, గిన్నె నింపేవాళ్లు లేకపోయినా సరే.

సుక్కి అట్లా మిగిలిపోయిన పిల్లి. తెల్లటి ఒళ్లు, నుదుట నల్లసుక్క, ఒక చెవి కొస తెగి ఉంది. మా వెనక వరుసలో ఒక క్వార్టర్‌కు తాళం పడ్డాక గోడ మీద కూర్చుని ఆ తలుపుకేసే చూస్తుండేది. మా ఆవిడ చేపలు కడిగిన నాడు గోడ దిగింది. కుక్కలు తరిమిన రాత్రి ఇంట్లో దూరింది. హైదరాబాద్‌లో ఉన్న మా బిడ్డ ఈ సంగతి విని సంబరపడి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సెంటు కలిపిన మట్టి గుళికల సంచి ఒకటి పంపించింది. "అది దాంట్లనే పోతది బాపూ, నువ్వేం రంది పడకు" అని ఫోన్‌లో ధైర్యం చెప్పింది.

సుక్కి ఆ డబ్బాలో మూతి పెట్టి వాసన చూసింది. బయటికొచ్చి తుమ్మింది. తర్వాత మా దూదిపరుపు ఎక్కి, ముందుకాళ్లతో నాలుగు దిక్కులా గీరి, చోటు చూసుకుని, తీరిగ్గా ఉచ్చ పోసింది.

పరుపు అయ్యాక ఇస్త్రీ బట్టలు, అవి అయ్యాక బియ్యం సంచి. మధ్యలో ఒకటి రెండుసార్లు డబ్బాలోకి వెళ్లిందిగానీ, ఆ తర్వాత అటువైపు చూడటమే మానేసింది. పక్కింటి వదినె తీర్పు చెప్పింది: "అది పగబట్టిందే. ముక్కు దాంట్లనే రాకి రెండు దెబ్బలెయ్యిండ్రి, మల్ల పొయ్యదు." ఇంకొకాయన పిల్లి ఉచ్చ పోసిన ఇంట్ల లక్ష్మి నిలవదన్నాడు. లక్ష్మి సంగతేమోగానీ, పగ అనేది మనుషుల సొత్తు. ఎవరి మీదనో కోపంతో వాళ్ల పరుపు తడపాలన్నంత ఆలోచన పిల్లికి ఉండదు. ముక్కు రాకితే అది నేర్చుకునేది ఒక్కటే: ఈ మనిషి చెయ్యి చెడ్డది, ఇతను చూస్తుండగా ఆ పని చేయొద్దు అని. అప్పుడు బీరువా వెనక పోస్తుంది. మనకు వాసన తెలుస్తుంది, చోటు తెలియదు.

ఇట్లాంటప్పుడు ముందు పోవాల్సింది పశువుల డాక్టరు దగ్గరికి. ఎందుకంటే అలవాటైన చోటును పిల్లి ఉన్నట్టుండి వదిలేసిందంటే చాలాసార్లు దానికి ఒంట్లో బాగుండదు. మూత్రసంచి వాయడం, మూత్రంలో ఇసుకలాంటి పలుకులు కట్టడం, కిడ్నీ జబ్బు, షుగరు, మలబద్ధకం, ముసలి పిల్లులకైతే కీళ్ల నొప్పి, వీటిలో ఏదైనా కావచ్చు. తొట్టిలో కూర్చున్నప్పుడు మంట పుడితే, ఆ మంట తన ఒంట్లోంచి వచ్చిందని పిల్లికి తెలియదు. తొట్టే కరిచిందనుకుంటుంది. మెత్తటి పరుపు మీద పోస్తే తగ్గుతుందేమోనని చూస్తుంది.

మన ప్రాంతంలో దీనికి ఎండ కూడా తోడు. ఇంటి పిల్లికి మూలం ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లి. పశ్చిమాసియాలో మనిషి గింజలు దాచుకోవడం మొదలుపెట్టిన కాలంలో, గాదెల దగ్గర ఎలుకల కోసం ఇంటి చుట్టూ చేరింది. తిన్న జంతువులోని తడితోనే బతకడం దాని అలవాటు. దాహం తక్కువ, మూత్రం చిక్కన. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటినప్పుడు కూడా అది గిన్నె దగ్గరికి పెద్దగా పోదు. అందుకని నీళ్లను తిండిలోనే కలిపి పెట్టాలి. చేప ఉడికించిన నీళ్లు, ఉప్పూ కారం లేనివి, సుక్కికి బాగా కుదిరాయి. నీళ్ల గిన్నెలు కూడా ఇంట్లో రెండు మూడు చోట్ల, అన్నం గిన్నెకు దూరంగా పెడితే దారిన పోతూ నాలుగు గుటకలు వేస్తుంది.

డాక్టరు మూత్రపరీక్ష చేయించాడు. పలుకులు లేవు, సూక్ష్మక్రిములు లేవు, వాపు మాత్రం ఉంది. "భయానికి గూడ పిల్లి మూత్రసంచి వాస్తది" అన్నాడు. ఇది మాటవరసకు అన్నది కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్‌టన్ అనే పశువైద్యుడు ఏళ్ల తరబడి ఈ జబ్బు మీదే పనిచేశాడు. కారణం దొరకని మూత్రసంచి వాపు ఉన్న పిల్లులకు ఇంట్లో దాక్కునే చోటు, ఎక్కే చోటు, వేళకు తిండి, శుభ్రమైన తొట్టి, ఆడుకునే వీలు అమర్చితే వాటి బాధ బాగా తగ్గిందని ఆయన బృందం 2006లో ప్రచురించింది. అంటే మందు చీటీలో ఇల్లు కూడా ఒక మందే.

మరి మా ఇంట్లో భయం ఏమిటి? డబ్బా చుట్టూ గుళికలు చూస్తే జవాబు దొరికింది. అవి గుమ్మం దాకా చిమ్మి ఉన్నాయి. లోపల కూర్చున్న పిల్లి ఒక్కసారిగా దూకి పారిపోతేనే అట్లా చిమ్ముతాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు గలగలమంటాయి, గోడ పగుళ్లలోంచి సున్నం రాలుతుంది. మా పక్కనున్న ఐదో నంబరు గని ఓపెన్‌కాస్టు అయినప్పటినుంచి ఆ వైపు కాలనీల వాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. మనవి ఏళ్ల తరబడి గని చప్పుళ్లకు అలవాటైన చెవులు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోతే, పిల్లి చెవి 60 వేలు దాటి వింటుంది. పైగా నేల అదురును అరికాళ్లతో పట్టుకుంటుంది. మూత ఉన్న డబ్బాలో, ఒకే ఒక్క ద్వారం ఉన్నచోట, కూర్చోక తప్పని స్థితిలో ఉండగా భూమి కదిలితే అది మళ్లీ ఆ డబ్బాలోకి ఎందుకు పోతుంది? డబ్బా పెట్టిందేమో వెనక గోడకు ఆనించి, బ్లాస్టింగ్ చప్పుడు ముందుగా తగిలే వైపు.

వీధి చివర ఉండే కుర్రాడు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. సంగతి చెబితే ముందు నవ్వాడు. తర్వాత ఫస్టు షిఫ్టు డ్యూటీ ఉన్న రోజుల్లో ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "కాకా, ఇయ్యాల బ్లాస్టింగ్ ఉన్నది. నీ సుక్కిని సూసుకో." ఆ వేళకు మా ఆవిడ దాన్ని ముందుగదిలోకి పిలిచి, టీవీ పెట్టి, చేపముక్క ఇస్తుంది. పిల్లి కోసం డ్యూటీ మీద నుంచి సమాచారం పంపే మనుషులున్న ఊరు మాది. ఎవరేమనుకున్నా నాకు గర్వమే.

ఇక ఇసుక విషయం. దీని మీద నన్ను ఎవరూ మాట్లాడొద్దనలేరు, ఎందుకంటే నేను గనిలో పనిచేసింది స్టోయింగ్ సెక్షన్‌లో. బొగ్గు తీసిన చోట ఖాళీ మిగులుతుంది. పైకప్పు కుంగకుండా, మిగిలిన బొగ్గుకు నిప్పు అంటుకోకుండా ఆ ఖాళీని పూడ్చాలి. గోదావరి ఇసుకను బంకర్‌లో పోసి, నీళ్లు కలిపి పైపుల్లో కిందికి వదిలితే, కట్టిన బారికేడ్ వెనక ఇసుక నిలుస్తుంది, నీళ్లు వడిసిపోతాయి. ఆ నీళ్లను పంపులు మళ్లీ పైకి తోస్తాయి. నది ఇసుక కరువైంది గనుక ఇప్పుడు ఓపెన్‌కాస్టు మట్టిని కడిగి ఇసుక తీసి కూడా వాడుతున్నారు. ఏ ఇసుక నిలుస్తుంది, ఏది బురదై పారుతుందని వేళ్ల మధ్య నలిపి చూసి చూసి నా చేతికి అదొక విద్య అయింది. తవ్వినచోట పూడ్చడంలో పిల్లికీ మా సెక్షన్‌కూ పెద్ద తేడా లేదు. అది ఇండెంట్ పెట్టదు, అంతే.

బయట పెరిగిన పిల్లికి కాలికింద తెలిసింది మట్టి, ఇసుక. వాటిని చూస్తేనే దానికి ఆ పని గుర్తొస్తుంది. లావు గుళికలు అరికాలికి గుచ్చుకుంటాయి. వాటిలో కలిపిన సెంటు మన ముక్కు కోసం కలిపింది, దాని ముక్కు కోసం కాదు. ఇల్లు కట్టే చోట ఒక తట్టెడు ఇసుక అడిగి తెచ్చి, జల్లెడ పట్టి, ఎండలో పోసి, పాత ప్లాస్టిక్ టబ్బులో రెండు మూడు అంగుళాల మందాన పరిచాను. టబ్బు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఒక పక్క అంచు కోసి గడప తగ్గించాను. మూత లేదు. ముందు గది మూలన, పిల్లికి గుమ్మం కనిపించేట్టు పెట్టాం. సుక్కి వచ్చింది, గీరింది, కూర్చుంది, పూడ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి చూసి "పొయ్యిందయ్యా!" అని అరిచిన అరుపుకు అది మళ్లీ బెదరనందుకు ఏడుకొండలవాడికి దండం పెట్టుకోవాలి.

ఈ గుళికల వ్యాపారం పుట్టిందే ఇసుక దొరకకపోవడం వల్ల. 1947 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కసాపొలిస్‌లో కే డ్రేపర్ అనే ఆవిడ ఇసుకకుప్ప చలికి గడ్డకట్టుకుపోయింది. పిల్లి కోసం బూడిద వాడి చూస్తే ఇల్లంతా మసి అడుగులు. పక్కింటి ఎడ్ లో అనే యువకుణ్ణి ఇసుక అడిగితే, అతను ఫ్యాక్టరీల్లో నూనె మరకలు పీల్చడానికి అమ్మే మట్టి గుళికలు ఇచ్చాడు. ఆవిడకు నచ్చాయి, పిల్లికీ నచ్చాయి, అతను కోటీశ్వరుడయ్యాడు. ఆ మసి అడుగుల సంగతి మన కాలనీల్లో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. బొగ్గు పొయ్యిలున్న రోజుల్లో పిల్లులన్నీ బూడిద గుంటల్లోకే పోయేవి. వాటి కాలిముద్రలు అరుగుల మీద ఉండేవి. ఇప్పుడు కొనే గడ్డకట్టే రకం లిట్టర్ బెంటొనైట్ మట్టిది. ఆ మట్టి మన కచ్‌లో పుష్కలంగా దొరుకుతుంది. అది తడిని ముద్దచేసి పట్టుకుంటుంది, ఆ ముద్దను ఎత్తిపారేస్తే సరి. ఇసుక అట్లా పట్టదు, వాసన తొందరగా కొడుతుంది, మార్చి మార్చి నడుము పోతుంది. అందుకని సెంటు లేని సన్నరకం తెచ్చి, ఇసుకలో పిడికెడు పిడికెడు కలుపుతూ మెల్లగా దానికే అలవాటు చేశాం. ఒక్కసారిగా మార్చితే మళ్లీ పరుపే.

పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ తొట్టి పెట్టమంటారు డాక్టర్లు. మా ఒక్కదానికి రెండు. రెండోది మొదటిదాని పక్కనే పెడితే లాభం లేదు, వేరే గదిలో ఉండాలి. కూలర్ పక్కన వద్దు, ఆ రొద దానికి గిట్టదు. తిండి గిన్నె పక్కన అసలే వద్దు, మనమైనా అట్లా తినం. ఉదయం సాయంత్రం ఎత్తిపారేయాలి. కొత్తలో కొన్నాళ్లు పిల్లిని తొట్టి ఉన్న చిన్నగదిలోనే ఉంచి, అలవాటు కుదిరాక ఒక్కో గదీ తెరవడం మంచిది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు చెప్పొద్దు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండే అవకాశం ఉంది. అది బయట పడ్డాక ఒకరోజు నుంచి అయిదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది గనుక రోజూ శుభ్రం చేసే ఇంట్లో భయం తక్కువ.

తడిసిన చోట్లు బాగుచేయడం వేరే తలనొప్పి. పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్ల లవణాలు ఉత్త నీళ్లకు సరిగా కరగవు. ఆరినప్పుడు వాసన పోయినట్టే ఉంటుంది, ముసురు పట్టగానే మళ్లీ లేస్తుంది. ఆ వాసనే పిల్లికి 'ఇక్కడే' అని చెబుతుంది. ఎంజైములున్న బట్టల పౌడరు కలిపిన నీళ్లతో నానబెట్టి కడిగి, దూదిపరుపునైతే రామగుండం ఎండకు అప్పజెప్పాలి. ఫినాయిల్ మాత్రం పొయ్యకండి. అందులోని ఫీనాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. తడి నేల మీద నడిచి, తర్వాత కాళ్లు నాకితే అది విషమే. బ్లీచింగ్ కూడా వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే వచ్చే గాలి మనకూ చేటు.

సుక్కి పూర్తిగా మారిందని చెప్పను. దీపావళి రాత్రి మళ్లీ బియ్యం సంచి వెనక తడి కనిపించింది. మా ఆవిడ ఏమీ అనకుండా సంచి మార్చింది.

సుక్కి ఆడపిల్లి గనుక మాకు డాక్టరు దగ్గరికి పోవడానికి వ్యవధి దొరికింది. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం, పలుకులు అడ్డుపడితే మూసుకుపోతుంది. మీ ఇంట్లో మగపిల్లి ఉండి, అది మాటిమాటికీ తొట్టిలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకుండా లేస్తుంటే, దాన్ని అలవాటు దోషమని తిట్టకండి, మలబద్ధకమని ఇంటిమందు పొయ్యకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే, సంచిలో వేసుకుని డాక్టరు తలుపు కొట్టండి.