పాత లెక్క

మా ఇంట్లో కంప్యూటరు ఊరికే కూర్చోవటం నాకు ఇష్టం ఉండదు. ఈ ముక్క మా ఆవిడ వింటే, "మీరు ఊరికే కూర్చుంటే లేని బాధ, అది కూర్చుంటే ఎందుకో!" అంటుంది. అంటుందేమిటి, అననే అన్నది.

కథ 2000లో మొదలైంది. మావాడు ఇంజనీరింగు కాలేజీలో చేరిన ఏడాది అది. విశాఖపట్నం నుంచి విడిభాగాలు తెచ్చి, చోడవరంలో మా ముందుగదిలో కంప్యూటరు బిగించాడు. అందులో సెటీ ఎట్ హోమ్ అనే ప్రోగ్రాము పెట్టి, "దీన్ని మాత్రం తీసెయ్యకండి నాన్నా" అని చెప్పి హాస్టలుకు వెళ్లిపోయాడు.

నిజానికి వాడికి ఇంజనీరింగు ఇష్టం లేదు. ఫిజిక్సు చదివి నక్షత్రాల సంగతి చూస్తానన్నాడు. నక్షత్రాలు అన్నం పెట్టవన్నాను నేను. నా మాటే నెగ్గింది. నెగ్గిన తరువాత మా ఇద్దరిమధ్యా ఫీజులూ, జ్వరాలూ తప్ప మరో మాట లేకుండా పోయింది.

ఇంతకూ ఆ ప్రోగ్రాము చేసే పని ఏమిటంటారా? ప్యూర్టోరికో దీవిలో అరెసీబో అనేచోట 305 మీటర్ల వెడల్పున, పెద్ద మూకుడులాగా ఒక రేడియో టెలిస్కోపు ఉండేది. ఆకాశం నుంచి అది పట్టిన రొదను టేపులమీదికెక్కించి, అమెరికాలో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయానికి పంపేవారు. ఆ రొదలో తెలివిగల ప్రాణులెవరైనా పంపిన సంకేతం ఉందేమో గాలించాలి. అంత లెక్క చెయ్యటానికి అక్కడి యంత్రాలు చాలవు. అంచేత 1999 మే 17 నుంచి, "మీ కంప్యూటరు ఊరికే ఉన్నప్పుడు మాకు కాస్త పని చేసిపెట్టండి" అని లోకంలోని ఇళ్లన్నిటినీ అడిగారు. 107 సెకన్ల రొదను ఒక మూటగా కట్టి ఇంటికి పంపుతారు. యంత్రం దాన్ని గాలించి, ఫలితం అప్పగించి, మరో మూట తెచ్చుకుంటుంది. అలా పోనుపోను 50 లక్షలమందికి పైగా చేరారు.

మా చెరుకు ప్రాంతం వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఎలా నడిచింది? తలా కొంచెం చెరుకు తోలబట్టే గదా!

మూట తెచ్చుకోవటానికి టెలిఫోను లైనే దిక్కు. ఆ కాసేపూ మా ఫోను మోగదు. అనకాపల్లిలో ఉన్న మా వదినగారు, "మీ ఇంటికి ఫోను చేసేకంటే బస్సెక్కి రావటం నయం" అని దెప్పింది. కరెంటు పోతే యంత్రం ఆగేది. వచ్చాక ఆగినచోటి నుంచి మళ్లీ సాగించేది. రాత్రివేళ తెరమీద రంగురంగుల గీతలు లేచి పడుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క గీతకూ అర్థం తెలియదు. కాని పక్కగదిలో మావాడు మేలుకుని చదువుకుంటున్నట్టుండేది. పూర్తయిన మూటల లెక్క డైరీలో పాల లెక్క పక్కనే రాసుకున్నాను. అయిదేళ్లకు 412 అయినాయి. ఈ సంగతి వాడికి ఏనాడూ చెప్పలేదు.

2005 చివరలో పిడుగులాంటి వార్త వచ్చింది. డిసెంబరు 15తో పాత ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇక అందరూ బోయింక్ అనే కొత్తదానికి మారాలి. ఇందులో మూటలు లెక్కపెట్టరు, క్రెడిట్లట! అది సున్నా నుంచి మొదలట! అయిదేళ్లు చాకిరీ చేయించుకుని పద్దు చెరిపేస్తారా అని నాకు ఒళ్లు మండింది. పైగా మారాలంటే ఖాతా ఉన్న ఈమెయిలుకు ఉత్తరం వస్తుంది, అది చూడాలి. ఆ చిరునామా మావాడు కాలేజీలో ఉన్నప్పటిది. గత్యంతరం లేక హైదరాబాదుకు ఫోను చేశాను.

"అది ఇంకా నడుపుతున్నారా నాన్నా?" అన్నాడు వాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

"నాలుగువందల పన్నెండురా. సున్నా చేస్తారట" అన్నాను, కోర్టులో ఫిర్యాదు చెప్పుకున్నట్టు.

అప్పుడు ఓపిగ్గా చెప్పాడు. పాతదాంట్లో కొందరు పేరుకోసం దొంగ ఫలితాలు పంపారట. కొత్తదాంట్లో ఒకే మూటను రెండు మూడు ఇళ్లకు పంపి, జవాబులు సరిపోతేనే క్రెడిట్ ఇస్తారు. అదీగాక పాతది ఒక్క పనే ఎరుగును. కొత్తది ఒక బండిలాంటిది. నక్షత్రాల లెక్కా, వాతావరణం లెక్కా, ప్రోటీన్ల లెక్కా ఏది వేసినా మోస్తుంది. "పాత లెక్క ఎక్కడికీ పోదు నాన్నా. పక్కన విడిగా రాసి ఉంచుతారు. కొత్తదాంట్లో మాత్రం కలపరు."

ఆ రాత్రి వాడు ఫోనులో చెబుతూ ఉంటే నేను ఒక్కొక్క మీటా నొక్కాను. గంటన్నర పట్టింది. అయిదేళ్లలో అంతసేపు మేము మాట్లాడుకున్నది లేదు. కొత్త ప్రోగ్రాము కదిలాక, ఫోను పెట్టబోతూ ఎలాగో గొంతు పెగల్చుకుని, "నిన్ను ఫిజిక్సు చదవనివ్వకపోవటం తప్పేమోరా" అన్నాను.

వాడు నవ్వాడు. "అది పాత లెక్క నాన్నా. పక్కన రాసి ఉంటుంది, అంతే" అన్నాడు.

2020 మార్చి 31న సెటీ మూటలు పంచటం మానేసింది. ఆ డిసెంబరు 1న అరెసీబో టెలిస్కోపే కూలిపోయింది. ఏ లోకంనుంచీ పలుకు వినిపించలేదు. 2022లో మేము గడప దాటకుండానే మా జిల్లా పేరు మారింది. విశాఖపట్నం జిల్లావాళ్లం అనకాపల్లి జిల్లావాళ్లమైనాము.

బోయింక్ మాత్రం మా ఇంట్లో ఉంది. యంత్రం మూడోది. ఇప్పుడు ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే పనిచేస్తున్నది. అది పల్సారులనే నక్షత్రాలను వెతుకుతుంది. 2010లో అరెసీబో పంపిన రొదలోనే ఒక కొత్త పల్సారు దొరికింది. దొరికింది ఎవరి యంత్రాల్లోననుకున్నారు? అమెరికాలో ఒక దంపతుల ఇంటిదీ, జర్మనీలో ఒకాయనదీ! ఆ మాట విన్నప్పటినుంచి నాకూ ఆశ పుట్టింది.

ఆదివారం ఆదివారం మావాడు ఫోను చేస్తాడు. ముందు "ఎంతయింది నాన్నా?" అంటాడు. క్రెడిట్లు చెబుతాను. లోపలినుంచి మా ఆవిడ కరెంటు బిల్లు ఎంతయిందో అదీ చెబుతుంది.