ఇసుకలో పారే ఏరు

చంద్రగిరి కొండల్లో బయల్దేరి వాకాడు దిగువన బంగాళాఖాతంలో కలిసేదాకా స్వర్ణముఖి నడక సుమారు 130 కిలోమీటర్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ దూరమంతా ఇసుకే కనిపిస్తుంది. వంతెన మీద బస్సు పోతుంటే కొత్తవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి “ఇదేనా స్వర్ణముఖి” అని పెదవి విరుస్తారు. ఈ ఏటిని పైనుంచి చూసి లాభం లేదు. దీని నీళ్ళు ఇసుక కింద ఉంటాయి, దీని చరిత్ర కూడా చాలావరకు అక్కడే ఉంది. నైరుతి వానలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రంలో వాయుగుండం లేస్తే అప్పుడు వస్తుంది ఏరు. వస్తే రెండు రోజులు ఉంటుంది. ఆ రెండు రోజులూ ఎవరి మాటా వినదు.

తూర్పు కనుమలు శేషాచలంగా మారి తిరుమల వైపు తిరిగే మలుపు దాని పుట్టిల్లు. పాకాల వైపు నుంచి భీమ, శేషాచలం అడవుల్లోంచి కల్యాణి వచ్చి కలుస్తాయి. చంద్రగిరి దగ్గర తొండవాడలో మూడూ కలిసేచోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది, దాన్ని ముక్కోటి అంటారు. అగస్త్యుడే తపస్సు చేసి ఈ నదిని దింపాడని స్థలపురాణం. తిరునాళ్ళకు చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే వస్తాయి. కల్యాణికి మాత్రం 1970ల్లోనే అడ్డుకట్ట పడింది. రంగంపేట దగ్గర కట్టిన ఆ డ్యాము నీళ్ళు తిరుపతి దాహానికీ కొండమీద భక్తుల అవసరాలకూ పోతాయి. అంటే ఏరు కొండ దిగకముందే దాని వాటాలో కొంత దేవుడి ఊరు తీసేసుకుంటుంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు గానీ, దిగువన ఎండిన ఇసుక చూసి వానదేవుణ్ణి తిట్టేవాళ్ళు ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి.

చంద్రగిరి కోట గురించి ఒక్కమాట. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి చేరారు. సామ్రాజ్యం చివరి రోజులు ఈ కొండ కిందే గడిచాయి. రాజమహలు ఇప్పటికీ నిలబడే ఉంది, సాయంత్రం ఎండలో చూడదగ్గదే. దీన్ని ఇక్కడికి వదిలేద్దాం, ఏటి చివర మళ్ళీ దీనితో పని పడుతుంది.

చంద్రగిరి దాటాక ఏరు తిరుపతి ఊరికి దక్షిణంగా సాగుతుంది. ఊరు పెరిగి ఏటి గట్టుదాకా, కొన్నిచోట్ల గట్టు దాటి కూడా వచ్చేసింది. 2021 నవంబరులో వాయుగుండం తిరుపతిమీద కురిసినప్పుడు తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న రెండంతస్తుల ఇల్లొకటి అలాగే ఒరిగి వరదలో పడిపోయిన దృశ్యం దేశమంతా ఫోన్లలో చూసింది. గోడకు వేసిన రంగు కూడా వెలవని ఇల్లు. వరద లాగింది ఇంటిని కాదు, కింద ఉన్న ఇసుకను. ఇసుక జారాక ఇల్లు దానంతట అదే వచ్చింది.

రేణిగుంట దాటి ఏర్పేడు మండలంలోకి వస్తే ఏటికి దగ్గర్లో గుడిమల్లం ఉంది. చూడ్డానికి మామూలు పల్లె. అక్కడి పరశురామేశ్వరుడి లింగం మాత్రం దేశంలో ఇప్పటికీ పూజలందుకుంటున్న శివలింగాల్లో అతి పాతవాటిలో ఒకటి. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలకు చెందినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అయిదడుగుల ఎత్తు, నునుపైన రాయి, ముందువైపు నిలబడిన వేటగాడిలాంటి శివుడు. ఒక చేతిలో పొట్టేలు, ఒక చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. కింద మోస్తున్నది ఒక యక్షుడు. 1911లో టి.ఎ. గోపీనాథరావు దీన్ని లోకానికి చూపించాడు. గర్భగుడి చుట్టూ ఉన్న నేలకంటే లోతుగా ఉంటుంది, మెట్లు దిగి చూడాలి. 2005 డిసెంబరులో భూమిలోంచి నీళ్ళు ఊరి గర్భగుడి నిండిందని అక్కడివాళ్ళు చెప్తారు. పైకి పారని ఏరు కింద ఎక్కడెక్కడికి పోతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే ఏర్పేడులో 2017 ఏప్రిల్ 21న జరిగింది మరో కథ. స్వర్ణముఖి ఇసుకను అడ్డూ అదుపూ లేకుండా లారీల్లో తోలుకుపోతున్నారని మునగలపాళెం రైతులు పోలీసుస్టేషను ముందుకు వచ్చి కూర్చున్నారు. బోర్లు ఎండిపోతున్నాయన్నది వాళ్ళ బాధ. ఆ ఎండలో అదుపు తప్పిన ఓ లారీ కరెంటు స్తంభాన్ని ఢీకొని జనంమీదికి దూసుకొచ్చింది. పదిహేనుమందికి పైగా చనిపోయారు. ఏట్లో ఇసుక అంటే అమ్ముకునే సరుకు మాత్రమేననీ, అది తీసేస్తే ఇంకాస్త వస్తుందిలే అనీ అనుకునేవాళ్ళకు ఆ రైతుల భయం అర్థం కాదు. ఇసుక మందంగా ఉన్నంతకాలమే వరద రెండు రోజుల్లో వెళ్ళిపోయినా దాని నీళ్ళు వేసవిదాకా నిలిచేది. ఇసుక పోతే ఏరు కాలువ అవుతుంది. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే సముద్రానికి.

తర్వాత శ్రీకాళహస్తి. ఇక్కడ కాసేపు ఆగాల్సిందే.

ఊరు మొత్తం కొండలకూ ఏటికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒకవైపు కన్నప్ప కొండ, మరోవైపు దుర్గమ్మ కొండ. పడమర గోడను ఒరుసుకుంటూ స్వర్ణముఖి. తూర్పుకు పోవాల్సిన ఏరు ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది. కొండలు దారివ్వకపోవడమే కారణం గానీ, ఉత్తరవాహిని పుణ్యమని ఊరివాళ్ళ నమ్మకం. కన్నప్ప కొండెక్కి చూస్తే ఊరి నక్షా అంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది. కొండ పాదాన్ని పట్టుకుని గుడి, గుడిని పట్టుకుని నాలుగు మాడవీధులు, ఆ తర్వాత తెల్లగా ఇసుక. ఊరు పెరగడానికి చోటు లేదు. అందుకే అవతలి ఒడ్డుకు పాకింది.

గుడి కట్టినప్పుడు కూలీలకు సాయంత్రం ఏటి ఇసుకే కూలిగా కొలిచి ఇచ్చేవారట. పనిచేసినవాడి చేతిలో అది చేసిన పనికి తగ్గ బంగారం అయ్యేదట, పని ఎగ్గొట్టినవాడికి ఇసుకగానే మిగిలేదట. ఈ కథ మేస్త్రీలు కల్పించిందేనని నా అనుమానం. ఇంత చవకైన హాజరుపట్టీ ఇంకెక్కడా ఉండదు.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం ఏటివైపు ఒంటరిగా నిలబడి ఉండేది. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఊరికంటే ముందు అదే కనిపించేది. పగుళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. 2010 మే నెలలో అవి పెద్దవయ్యాయి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. 26వ తేదీ రాత్రి అయిదొందల ఏళ్ళ కట్టడం నిలువునా కూలి దుమ్మయింది. ప్రాణనష్టం జరగలేదు. అదే చోట మళ్ళీ కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తది ఎత్తుగా, శుభ్రంగా ఉంది. పాతదాన్ని చూసిన కళ్ళకు అలవాటు పడటానికి మాత్రం ఇంకా కొంతకాలం పట్టేట్టుంది.

గుడి వీధుల్లోంచి కొంచెం పక్కకు వస్తే కలంకారీ ఇళ్ళు. ఈ పనికి ఏరు ఎంత అవసరమో పని వరస చూస్తే తెలుస్తుంది. ముందు నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాల కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీస్తారు. వెదురుపుల్లకు ఒక చివర బట్ట చుట్టి, దారంతో బిగించిన కలాన్ని నల్లనీళ్ళలో ముంచి గీతలు దిద్దుతారు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళవి. కుండలో గోధుమరంగులో ఉన్న నీరు కరక్కాయ తాగిన బట్టమీద పడగానే నల్లబడుతుంది. కలాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కుతుంటే చుట్టిన బట్టలోంచి రంగు దిగుతుంది. ఎక్కువ నొక్కితే రాముడి మీసం ముద్దైపోతుంది. ఎర్రరంగు రావాల్సినచోట పటిక నీళ్ళు పూస్తారు. అక్కణ్ణుంచి ఏటి పని మొదలు. పారే నీళ్ళలో బట్టను జాడిస్తే ఎక్కువైన పటిక కొట్టుకుపోవాలి, పక్క గీతకు అంటుకోకూడదు. తొట్టి నీళ్ళలో అది కుదరదు. పిండినాక ఇసుకమీద పరిచి ఎండబెట్టడం. తర్వాత రంగువేళ్ళతో ఉడకబెట్టడం, మళ్ళీ ఏరు, మళ్ళీ ఇసుక. పసుపు, నీలం వచ్చేసరికి ఆ బట్ట ఏటికి ఎన్నిసార్లు పోయి వచ్చిందో లెక్క ఉండదు.

“ఏట్లో నీళ్ళెక్కడున్నాయ్ సార్. ఇంటి వెనకాల బోరు. బోరునీళ్ళలో చౌడు ఉంటే ఎరుపు ఎరుపుగా రాదు” అన్నాడు బట్ట పిండుతున్న పెద్దాయన. ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఈ పని దాదాపు ఆగిపోయింది. కమలాదేవి ఛటోపాధ్యాయ పట్టుదలతో 1950ల చివర ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక ఊపిరి పోసుకుంది. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కళ బతికింది. దానికి కావలసిన ఏటి గురించి మాత్రం ఎవరూ కేంద్రం పెట్టలేదు.

ఆ పాత ఎరుపు చిరివేరుది. ఇసుకనేలలో, తీరం వెంబడి నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్క అది. రంగంతా వేళ్ళలోనే. బ్రిటిషు కాలంలో శ్రీహరికోట అడవిలో యానాదులు సర్కారు కోసం ఏరి తెచ్చిన సరుకుల్లో తేనె, కుంకుడుకాయలతోబాటు చిరివేరు కూడా ఉండేది. ఏటి ఎగువన బట్ట, దిగువ తీరాన దాని రంగు.

కాళహస్తి దాటాక కొండలు వెనకబడతాయి. నాయుడుపేట దగ్గర మద్రాసు-కలకత్తా హైవే, రైలుమార్గం ఏటిని దాటుతాయి. వరి మడులు, అక్కడక్కడా చెరువులు, తీరం దగ్గరయ్యేకొద్దీ రొయ్యల గుంటలు. నెల్లూరు తీరపు రైతు ఇసుకలో గుంట తవ్వి ఊరిన నీటితో నారుమడి తడుపుకునేవాడు. ఆ గుంటల్ని దొరువులు అంటారు. వాకాడు దగ్గర బ్యారేజీ కట్టి చివరి నీళ్ళను ఆపారు. అది దాటినవే సముద్రానికి.

సంగమానికి దక్షిణంగా కొన్ని మైళ్ళలో దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు దీన్నే ఆర్మగావ్ అని రాసుకున్నారు. పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613 నాటికే కోట కట్టుకుని కూర్చుంటే, ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ గిడ్డంగి పెట్టి, చుట్టూ గోడ లేపి ఫిరంగులు మోహరించింది. కోరమండల్ తీరంలో వాళ్ళు ఫిరంగులతో కాపలా పెట్టుకున్న మొదటి స్థావరం ఇదే. కానీ వ్యాపారం సాగలేదు. దక్షిణాన నేతబట్టలు ఇంకా చవకగా దొరుకుతున్నాయని ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతికాడు. 1639 ఆగస్టులో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం కౌలు రాయించుకున్నాడు. ఆ దామెర్లవారు కాళహస్తి ఏలికల వంశం. వాళ్ళమీద రాజు చంద్రగిరిలో ఉన్నాడు. అడిగినవాడు ఏటి చివర, ఇచ్చినవాడి వంశం ఏటి నడుమ, పైన రాజు ఏటి మొదట. చెన్నపట్నం పుట్టుకలో కూవం పేరే చెప్పుకుంటారు గానీ, స్వర్ణముఖికీ అందులో వాటా ఉంది.

దుగరాజపట్నానికి తర్వాత మరో అవకాశం వచ్చింది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018 చివరికి పూర్తిచేస్తామని రాశారు. గడువు పోయింది, రేవు రాలేదు. పక్కనే రాకెట్ కేంద్రం ఉండటం వచ్చిన అభ్యంతరాల్లో ఒకటి. ఇప్పుడు ఓడలు కట్టే కేంద్రం మాట వినబడుతోంది.

ఆ రాకెట్ కేంద్రం ఉన్న శ్రీహరికోట కూడా ఇసుకే. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఏళ్ళు తెచ్చినది, అలలు పేర్చినది, గాలి ఎగదోసినది కలిసి కట్టిన పొడవాటి తిన్నె. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో తీరం వెంబడి ఇసుక దక్షిణానికి, మిగతా కాలంలో ఉత్తరానికి కదులుతుంది. ఒకప్పుడు ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1969లో ఈ దీవిని ఎంచుకున్నారు. తూర్పున అడ్డులేని సముద్రం, భూమధ్యరేఖకు దగ్గరతనం, జనం పలచన. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. చంద్రయాన్-3 కూడా ఈ ఇసుకమీద నుంచే లేచింది. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ మీదుగా వేసిన రోడ్డులో పోతుంటే రెండువైపులా, నీళ్ళున్న ఏడాది, రాజహంసలు కనిపిస్తాయి. నీళ్ళు లేని ఏడాది పగిలిన బురద, దానిమీద ఉప్పుపొర.

ఆ నీళ్ళు ఉండాలా వద్దా అన్నది మళ్ళీ ఇసుక చేతిలోనే ఉంది. దీవికి ఉత్తరాన, వాకాడు మండలంలో రాయదొరువు దగ్గర సరస్సుకు సముద్రంలోకి దారి ఉంది. అది ఇసుకతో పూడిపోతే ఆటుపోటు లోపలికి రాదు, ఉప్పు పెరుగుతుంది, చేప, రొయ్య పిల్లలు సరస్సులోకి చేరవు. చుట్టూ ఉన్న కుప్పాల జాలర్లు ముఖద్వారం పూడిక తీయమని ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఎన్నికల ముందు హామీ వస్తుంది, కొలతలు తీస్తారు, అంచనాలు వేస్తారు. ఎగువన ఏర్పేడులో ఇసుక తీయొద్దని రైతులు రోడ్డెక్కారు, దిగువన రాయదొరువులో తీయండి మహాప్రభో అని వీళ్ళు అడుగుతున్నారు. లారీలు మాత్రం ఎగువకే పోతున్నాయి.